కొల్లేరు పాఠాలు – 3: నీటి లోతు చూసి రోజు పెట్టుకోండి

పోయిన పాఠంలో పది పిట్టల పేర్లు నోటుబుక్కులో రాసుకోమన్నాను కదా, అది ఈసారి పక్కనే పెట్టుకోండి, పని ఉంది. ఇవాళ పిట్టల్ని చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడికి వెళ్లాలో తేల్చుకుందాం.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. మూడేళ్ల కిందట దసరా సెలవుల్లో అత్తగారింటి వాళ్లతో కలిపి తొమ్మిదిమందిని విజయవాడలో వ్యాన్ ఎక్కించి, పొద్దున కొండపల్లి అడవి, మధ్యాహ్నం కొల్లేరు, సాయంత్రం గుంటూరు దగ్గర ఉప్పలపాడు, అన్నీ ఒక్కరోజులోనే అని ప్లాన్ వేశాను. టిఫిన్లు అయ్యేసరికి పది, కైకలూరు దాటి కొల్లేరు పిట్టల్ని చూసే చోటు ఆటపాక చేరేసరికి ఒంటిగంట, నెత్తిన ఎండ, వ్యాన్ దిగమంటే దిగని పిల్లలు, గట్టు మీద నుంచి కనబడినవల్లా దూరంగా ఏవో తెల్లటి చుక్కలు. ఉప్పలపాడు వెళ్లేసరికి చీకటి పడిపోయింది. మా బామ్మర్ది ఇప్పటికీ "బావా, ఈసారి ఎన్ని చుక్కలు చూపిస్తావు?" అంటాడు.

కాబట్టి ఒక రోజుకి ఒక చోటు, అంతే. ఇందులో బేరం లేదు.

ఇక అసలు సంగతి, నీటి లోతు. మనం క్యాలెండర్ చూసి సెలవు ఉన్న రోజు బయల్దేరతాం, పిట్ట మాత్రం తన కాలి పొడవుకి సరిపడే నీళ్లు ఎక్కడున్నాయో అక్కడికి పోతుంది. గూడబాతు (పెలికాన్) ఈదుతూ ముక్కు కింది సంచితో చేపల్ని తోడుకుంటుంది కాబట్టి దానికి నీళ్లు కాస్త నిండుగా ఉన్నా ఇబ్బంది లేదు. ఎర్రకాళ్ల కొంగ అలా కాదు, నీళ్లలో నిలబడి, సగం తెరిచిన ముక్కు ముంచి తడుముతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది, అందుకే దానికి లోతు తక్కువ నీళ్లే కావాలి. ముక్కు మధ్యలో సందున్న కొంగ ఒకటుంది, నత్తలు తింటుంది, అది వరిచేలల్లో కూడా దొరుకుతుంది. బురదలో పురుగులు ఏరుకునే చిన్న ఉల్లంకి పిట్టలకైతే బురద తేలాలి. వానలు వెలిసిన కొత్తలో కొల్లేరు నిండుగా ఉంటుంది, బురదలో తిరిగేవి ఎక్కడెక్కడో చెదిరిపోయి ఉంటాయి. సంక్రాంతి దాటాక నీళ్లు వెనక్కి తగ్గే కొద్దీ చేపలూ పురుగులూ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి, వాటి వెనకే పిట్టలూ చేరతాయి. నేనైతే జనవరి చివర, ఫిబ్రవరి మొదటి వారాలకే ఓటేస్తాను. గూడబాతుల గూళ్లు, పిల్లలు కూడా చూడాలనుకుంటే డిసెంబరు నుంచే వెళ్లొచ్చు. మార్చి వచ్చిందంటే చలికాలపు వలస పిట్టలు సర్దుకుంటాయి.

ఇక టైము. తెల్లారేసరికి గట్టు మీద ఉండాలి. ఎండెక్కి నేల వేడెక్కాక పైకి లేచే వేడిగాలిని పట్టుకుని గూడబాతులూ కొంగలూ రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకి పోతాయి, తొమ్మిది పది దాటితే మీకు కనిపించేది ఆ చక్రాలే (అవీ బాగుంటాయి గానీ మెడ నొప్పి). పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి, ఎదురుగా ఉంటే రంగులన్నీ నల్లగా మారిపోతాయి. విజయవాడ నుంచి కైకలూరు రోడ్డు మీద 60–70 కిలోమీటర్లు, గుడివాడ మీదుగా రైలు కూడా ఉంది, స్టేషన్ నుంచి ఆటపాకకు ఆటో దొరుకుతుంది. తెల్లవారుజామున చేరాలంటే మాత్రం ముందు రోజు రాత్రి కైకలూరులోనే పడుకోవడం మేలు.

గుంటూరు వాళ్లకి ఇంత హడావిడి అక్కర్లేదు. ఉప్పలపాడు చెరువు ఊరి పక్కనే, చెట్లూ ఇనప స్టాండ్లూ నిండా గూళ్లు, సాయంత్రం కొంగలు తిరిగొచ్చే వేళకి వెళ్లినా చాలు. మొదటిసారి వెళ్లేవాళ్లని నేను అక్కడికే పంపుతాను.

మరి అడవి? కొండపల్లిని వేరే ఆదివారానికి పెట్టుకోండి. బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెట్టు ఉన్న అడవి అది. ఆకురాల్చే అడవి కాబట్టి ఎండలు ముదిరే ముందు ఆకు రాలాక కొమ్మల మీద పిట్ట సులువుగా కనబడుతుంది. రిజర్వు అడవిలోకి వెళ్లేముందు అటవీ శాఖ వాళ్లని అడగండి. ఇంకో మాట, మైలవరం వైపు కొండల్లో మొదలయ్యే బుడమేరు వాగు చివరికి కలిసేది కొల్లేరులోనే. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌ని ముంచింది ఈ బుడమేరే. అడవి వైపు కొండల్లో పడిన వాన కొన్నాళ్లకి మీరు చూడబోయే నీటి లోతు అవుతుంది, అందుకే వర్షాకాలంలో ఆ కొండల్లో వానలెలా పడ్డాయో తేదీతో సహా రాసిపెట్టుకోండి.

గూళ్ల దగ్గర అరుపులు, టపాసులు, డ్రోన్లు వద్దు. తల్లి బెదిరి లేచిందంటే గుడ్లని కాకులు ఎత్తుకుపోతాయి, పిల్లలు ఎండకి మాడిపోతాయి. తెల్ల చొక్కా, ఎర్ర చీర ఇంట్లో వదిలేసి మట్టిరంగు బట్టలు వేసుకోండి. పులిహోర తీసుకెళ్లండి, కవర్లు తిరిగి తెచ్చుకోండి.

ఈ వారం పని: మీ లిస్టులోని పది పిట్టల ఎదురుగా "నిండు నీళ్లు", "మోకాలి లోతు", "బురద", "చెట్టు", "చేను" అని రాయండి. ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూసి, దాన్నిబట్టి నెల ఎంచుకోండి. ఆరు వచ్చినా ఏడు వచ్చినా "బురద"దే పైచేయి అయితే ఫిబ్రవరికి సెలవు పెట్టేయండి.

వచ్చే పాఠం బైనాక్యులర్ మీద. అప్పటిదాకా ఏదీ కొనకండి.