బోటు వెనక సోనార్ సెన్సర్ బిగించడం ఎలా?

విజయవాడలో బోటుకు ఫిష్ ఫైండర్ (నీళ్ల లోతు, చేపలు తెరపై చూపించే మెషిన్) పెట్టించుకున్నవాళ్లు చాలామంది అనేది ఒకటే: "ఆగి ఉంటే లోతు చూపిస్తోంది, స్పీడు పెంచితే బొమ్మ పోతోంది." మెషిన్‌ మార్చినా లాభం లేదు. చాలాసార్లు తప్పు దాని సెన్సర్ (నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టుకునే భాగం) బిగించిన చోటులో ఉంటుంది.

డ్రిల్లు, స్టెయిన్‌లెస్ స్క్రూలు, కేబుల్ క్లిప్పులు, మెరైన్ సీలెంట్ తెచ్చుకోండి. బాత్రూం సిలికాన్ పనికిరాదు. బోటు గట్టెక్కించి, వెనక గోడ తుడిచి ఆరనివ్వండి. లోపలివైపు ట్యాంకు, వైర్లు ఎక్కడున్నాయో చూశాకే డ్రిల్లు పట్టండి.

ఇక చోటు. సెన్సర్ శబ్దం నీళ్లలో సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది కానీ, గాలిబుడగలు అడ్డొస్తే దాటలేదు. బోటు గట్టెక్కించక ముందే ఒకరిని నడపమని, మీరు లైఫ్ జాకెట్ వేసుకుని వెనక నీళ్లు చూడండి. కొన్నిచోట్ల నీళ్లు అద్దంలా జారతాయి, కొన్నిచోట్ల తెల్లగా నురగ లేస్తుంది. అద్దంలా ఉన్న చోటే గుర్తు పెట్టండి. అడుగున గట్టు, రివెట్ల వరుస ఉంటే వాటి వెనక వద్దు. ఇంజిన్ ఫ్యాన్ (ప్రొపెల్లర్) మధ్య నుంచి కనీసం 38 సెం.మీ. ఎడం ఉండాలి. వెనక నుంచి చూస్తే ఫ్యాన్ గడియారం ముల్లులా తిరుగుతుంటే కుడివైపే బిగించండి. అటువైపు రెక్కలు కిందికి దిగుతాయి.

ఫైబర్ బోటుకైతే సెన్సర్ బోటు అడుగు కంటే 3 మి.మీ., అల్యూమినియానికి 10 మి.మీ. కిందికి రావాలి. ముఖం నీటిమట్టానికి సమాంతరంగా ఉండాలి. మొదటే ఇంకా దించితే బాగా కనబడుతుందనుకోవద్దు. బ్యారేజీ ఎగువన ఇసుక మేటలకు తగులుతుంది, గుర్రపుడెక్క చుట్టుకుంటుంది.

సెన్సర్‌ను లోపలే అంటించేస్తే రంధ్రాల బాధ ఉండదని కొందరంటారు. అలా చేస్తే సిగ్నల్ తగ్గుతుంది, నీటి వేడి తెలియదు. అడుగు పొరల మధ్య ఫోమ్ ఉంటే అసలే పనిచేయదు. బయటే బిగించాలి.

ఫైబర్‌కు టేపు అంటించి, పై పూత దిగేవరకు డ్రిల్లు రివర్స్‌లో తిప్పండి, పూత పగలదు. ముందు బ్రాకెట్‌లోని పొడవాటి గాళ్లలో రెండు స్క్రూలే వేయండి. ప్రతి రంధ్రం సీలెంట్‌తో నింపాకే స్క్రూ దింపాలి.

కేబుల్‌ను నీటిమట్టానికి బాగా పైనుంచి లోపలికి తీసుకోండి. ఇంజిన్ వైర్లతో కలిపి కట్టొద్దు. మిగిలింది కోయకుండా చుట్టచుట్టి పెట్టండి.

సీలెంట్ ఆరాక నీళ్లలోకి దింపి, మెల్లగా స్పీడు పెంచండి. బొమ్మ చెదిరితే సెన్సర్‌ను 3 మి.మీ. దించి మళ్లీ నడపండి. నిలకడగా వచ్చాకే మూడో స్క్రూ బిగించండి.