పోపుకు ముందే తీసిన గిన్నె

మా మావగారికి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలిన నాడు వైద్యులు చెప్పిన పథ్యం చిన్నదే: కొవ్వు తగ్గించాలి, వంటనూనె రోజుకు మూడు చెంచాలు మించకూడదు. ఒడిశాలోని బరంపురంలో ఐదుగురం ఉండే మా ఇంట్లో ఆ మాటను మొదటి వారం తప్పుగా అర్థం చేసుకున్నాం. ఆయనకు విడిగా చప్పిడి కూరలు ఉడికించి, మిగిలినవారికి యథాప్రకారం వేపుళ్లు చేశాం. నాలుగో రోజున అత్తగారు ఆ కంచం చూసి, "ఇదేమిటమ్మా, జ్వరం పడి లేచిన మనిషికి పెట్టినట్టుంది" అన్నారు. ఆయన ఏమీ అనకుండా మనవడి కంచంలోని బంగాళాదుంప వేపుడు తీసుకుని తిన్నారు. ఒకే పొయ్యి మీద రెండు వంటలు చాలాకాలం సాగవు. అందరికీ ఒకే కుండలో వండి, నూనె చేరే చోట మాత్రమే దారి మార్చడం మాకు కుదిరిన పద్ధతి.

ముందుగా ఇంటి మొత్తానికి లెక్క కట్టాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలోక్యాలరీల ఆహారంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలునని సూచించాయి. ఆ ప్రకారం ఐదుగురికి నెలకు అయ్యేది సుమారు నాలుగున్నర లీటర్లు. మా ఇంట్లో నెయ్యి కాక ఏడు లీటర్ల నూనె ఖర్చవుతోందని కిరాణా చీటీలు చూశాక గాని తెలియలేదు, అంటే పథ్యం అవసరమైనది మావగారొక్కరికే కాదన్నమాట. ప్యాకెట్టు కత్తిరించి మూకుడులోకి వంచే అలవాటు మాని, నూనెను సన్నమూతి సీసాలో పోసుకుని, 5 మిల్లీలీటర్ల చెంచాతో కొలవడం మొదలుపెట్టాలి. గ్రాము కొవ్వుకు 9 కిలోక్యాలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4 కిలోక్యాలరీలు కనుక, చెయ్యి జారి ఒలికిన రెండు చెంచాలు కూడా లెక్కలోకి వస్తాయి.

మన వంటలో నూనె రెండు చోట్ల చేరుతుంది. వేపుడులో, ఇగురులో అది మొదటే పడుతుంది. పప్పులో, చారులో, పులుసులో పోపు రూపంలో చివర పడుతుంది. చివర పడేచోట పని సులువు, ఎందుకంటే పోపు వేయడానికి ముందే పథ్యం ఉన్నవారి గిన్నె తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఈ కిటుకు మాకు పొరుగువారి దాల్మా చూశాక తట్టింది. ఒడియావారు కందిపప్పు, అరటికాయ, పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ ముక్కలు కలిపి ఉడికించి, ఆఖరున నేతిపోపు పెట్టి, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి పైన చల్లుతారు. వాసనలో ఎక్కువ వాటా ఆ పొడిదే. అందుచేత పోపుకు ముందు తీసిన గిన్నెలో ఆ పొడి అర చెంచా చల్లితే లోటు పెద్దగా తెలియదు. మన చారుకూ ఇదే వర్తిస్తుంది. ఆవాలు, కరివేపాకు నూనె లేకుండా వట్టి మూకుడులోనే చిటపటలాడతాయి.

వేపుడుకు ప్రత్యామ్నాయం మన ఇళ్లలోనే ఉంది, అది ఆవ పెట్టిన కూర. అరటికాయ గాని పనసకాయ గాని ఇడ్లీ పాత్రలో ఆవిరిపై ఉడికించి, పసుపు, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపి, కుండంతటికీ రెండు చెంచాల నూనెతో పోపు వేసి దించాలి. పచ్చిమిర్చితో నూరిన ఆవను కూర కొంత చల్లారాక మాత్రమే కలపాలి, పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. వంకాయ వేపుడు నూనెను ఎంత పీల్చుకుంటుందో వండినవారికి తెలుసు. అదే వంకాయను కాల్చి పచ్చడి చేస్తే ఒక్క చెంచా నూనె సరిపోతుంది. చేపలను వేయించకుండా పులుసు పెట్టవచ్చు, లేదా ఒడియావారి పత్రపోడా పద్ధతిలో ఆవముద్ద పట్టించి, ఆకులో చుట్టి కాల్చవచ్చు. కోడిమాంసానికి తోలు తీయించాలి.

సీసాలో కనిపించని కొవ్వు మమ్మల్ని ఎక్కువ మోసగించింది. వేరుశనగ గింజలలో దాదాపు సగం బరువు కొవ్వే కనుక, ఇడ్లీలు ఆవిరిమీదే ఉడికినా పక్కనున్న పల్లీ చట్నీ వాటి మేలును రద్దు చేస్తుంది. పచ్చికొబ్బరిలో కొవ్వు బరువులో మూడో వంతుకు తక్కువ కాదు. పుట్నాల పప్పుతో చేసిన టమాటా చట్నీకి మా పిల్లలు రెండు వారాలలో అలవాటుపడ్డారు. పాల విషయం ఇంకా తేలిక: ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. అర లీటరు ప్యాకెట్టు మార్చినంత మాత్రాన సుమారు 30 గ్రాముల కొవ్వు 15కో 8కో దిగుతుంది. బరంపురం అప్పడాలు ప్రసిద్ధమైనవి, వాటిని మానవలసిన పని లేదు. నిప్పు మీద కాల్చుకుంటే చాలు.

నూనె తగ్గించినప్పుడు ఆకలి తీరక అన్నం పెరగడం సహజం. ఇది జాగ్రత్తపడవలసిన చోటు, ఎందుకంటే అన్నం, చక్కెర అతిగా పెరిగితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. వేసవిలో పఖాళ, అనగా మన చద్దన్నం, చలువే గాని రెండో మారు ఎప్పుడు వడ్డించుకున్నామో తెలియకుండా కడుపులోకి జారిపోతుంది. పప్పు, పెరుగు, కూర వాటా పెంచి, ఒక పూట చోడి (రాగి) అంబలి తాగడం మాకు పనిచేసింది.

కొవ్వును పూర్తిగా ఎత్తివేయడం కూడా తప్పే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టడానికి కొంత కొవ్వు కావాలి. పిత్తాశయం ఖాళీ కావడానికి సైతం అది అవసరం. బరువు మరీ త్వరగా తగ్గితే రాళ్లు పెరిగే అవకాశం ఉంది. రెండేళ్ల లోపు పిల్లల పాలలో కొవ్వు తగ్గించకూడదు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో పాటు జ్వరం గాని కళ్లు పచ్చబడడం గాని కనిపిస్తే, వంటింట్లో ఉపాయాలు వెదకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా పండుగలు. ఇరుగుపొరుగు నుంచి అరిసా పిఠాలు, కాకరా పిఠాలు అనే ఒడియా పిండివంటలు పళ్లెం నిండా వస్తాయి, అవి నూనెలో వేగినవి. వద్దని తిప్పి పంపడం మర్యాద కాదు. మావగారికి ఒక్కటి సగం చేసి పెట్టి, ఆ పూటకు ఆయన నూనె చెంచాల్లో రెండు తగ్గిస్తాం. ఒడియావారి ప్రథమాష్టమి పండుగ నాడు పసుపాకులో చుట్టి ఆవిరిపై వండే ఎండురి పిఠా నయం, లోపలి కొబ్బరిని మాత్రం లెక్కలో వేసుకోవాలి. పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదని అత్తగారి పట్టుదల. ఇప్పుడు ఆవిడ ఆ పళ్లెంలో ఆవిరి కుడుములు పెట్టి పంపుతున్నారు.