గుట్టను కాపాడినవాళ్లకు ఆయకట్టు చెల్లింపు: కొలతలు, ఒప్పందం, గొలుసు సంఘం

చెరువు ఎగువన గుట్టను, చెల్కలను కాపాడేది ఒకరు. ఆ నీళ్లతో వరి పండించేది ఇంకొకరు. పండించినవాళ్లు కాపాడినవాళ్లకు డబ్బు ముట్టజెప్పడాన్నే పర్యావరణ సేవలకు చెల్లింపు అంటారు. పాలమూరు, నల్లగొండ పల్లెలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పొలంలో గొర్రెల మంద నిలిపినందుకు గొల్లకుర్మలకు వడ్లు కొలిచారు, తూము చూసే నీరటికి కల్లం దగ్గరే మేర, అంటే పంటలో వాటా, ఇచ్చారు. ఇప్పుడు దాన్నే కొలతలతో కాగితం మీద పెట్టాలి, ఒకే వాగు మీద ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసు చెరువుల ఊళ్లన్నిటినీ కలపాలి.

ముందు ఎక్కడ మట్టి కోసుకుపోతోందో చూడాలి. వాన పడుతుండగానే వాగు వెంట పైకి నడవండి. ఒక్కో పాయ నుంచి లీటరు సీసాలో నీళ్లు పట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచి, అడుగున పేరిన మట్టి మందాన్ని స్కేలుతో కొలిచి సర్వే నంబరుతో సహా రాసుకోండి. చెరువులో చేరే మట్టిలో ఎక్కువ భాగం నాలుగైదు చోట్ల నుంచే వస్తుందని రెండు మూడు వానలకే తేలిపోతుంది. డబ్బు అక్కడే పెట్టాలి. ఊరందరికీ సమానంగా పంచితే ఎవరికీ చాలదు, కోత కూడా ఆగదు. వాన కొలవడానికి నిలువు గోడల డబ్బా చాలు. ఎకరంలో 10 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 40 వేల లీటర్లు.

ఎంత ఇవ్వాలన్నది బేరంతో కాక లెక్కతో తేలాలి. ఒక ఎకరం శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, అడుగు మందం పూడిక చేరితే అది 43,560 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీతో తీయాలంటే సుమారు 435 ట్రిప్పులు. మీ ఊరి కిరాయితో గుణించండి, ఎగువన ఆ మట్టిని ఆపితే మిగిలే డబ్బు ఎంతో తెలుస్తుంది. ఆయకట్టు అంతకు మించి ఇవ్వనక్కర్లేదు. ఎగువ రైతు వదులుకునే పంట, కాపరి కోల్పోయే మేపు విలువ కంటే తక్కువ ఇస్తే మాత్రం ఒప్పందం దసరా దాకా కూడా నిలవదు. ఉదాహరణకు 120 ఎకరాల ఆయకట్టు పంటకు ఎకరానికి 500 చొప్పున ఇస్తే 60 వేలు జమ అవుతాయి. అందులో 40 వేలు ఎగువన 40 ఎకరాలకు, 10 వేలు కొలతలకు, తనిఖీకి, మిగిలిన 10 వేలు కరువు నిధికి.

ఎగువన చేయాల్సిన పని చిన్నదే కానీ కచ్చితంగా ఉండాలి. గుట్ట వాలుకు అడ్డంగా 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పుతో కందకం తవ్వితే అందులో ఘనపు మీటరు నీళ్లు ఆగుతాయి. కింది వరుస కందకం పై వరుసలోని ఖాళీకి ఎదురుగా రావాలి. వాగు పాయలో రాతికట్ట వేసేటప్పుడు నడిమి భాగం అంచుల కంటే తగ్గి ఉండాలి. అంతా సమంగా కడితే నీళ్లు ఒడ్డును కోసుకుని పక్కనుంచి పోతాయి, కట్ట మాత్రం ఒంటరిగా మిగులుతుంది. ఈ తప్పు చాలా వాగుల్లో కనిపిస్తుంది. గట్ల మీద సీతాఫలం, తంగేడు పెట్టండి, మేకలు ముట్టవు. బాలానగర్ సీతాఫలం పుట్టిన నేల ఇది, పండు అమ్మకం ఎగువ రైతుకు అదనపు రాబడి. పశువుల మేతకు వేసే స్టైలో గడ్డి గింజ పొట్టు గట్టిది కాబట్టి 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి తొలకరికి చల్లాలి.

కందకం తవ్వకానికి ఉపాధి హామీ కూలి వచ్చి ఉంటే అదే పనికి మళ్లీ చెల్లించకండి. మీ డబ్బు సంరక్షణకే: పూడిన కందకం తీయడం, జారిన రాయి పేర్చడం, జూలై నుంచి నవంబరు దాకా మేపు ఆపడం. మూడో వంతు మృగశిర కార్తెకు ముందు ఇవ్వండి, మిగిలింది వానలు వెళ్లాక తనిఖీ చేసి ఇవ్వండి. వాన పడకపోయినా పని చేసినవాళ్లకు డబ్బు ముట్టాల్సిందే. కరువు నిధి ఉన్నది అందుకే.

ఒప్పందంలో సర్వే నంబరు, చేయాల్సిన పని, చేయకూడని పని, తనిఖీ నెల, వాయిదాలు, తగాదా తీర్చేవాళ్లు ఎవరన్నది రాయండి. కౌలు రైతు సాగు చేస్తుంటే డబ్బు పట్టాదారుకు కాదు, పని చేసే కౌలు రైతుకే పోవాలి. బంజరు, గుట్ట లాంటి ఉమ్మడి భూమికి గ్రామసభ తీర్మానం, పంచాయతీలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సంతకం తీసుకోండి. అమ్రాబాద్ వైపు చెంచు పెంటలు, అంటే చెంచుల గూడేలు, ఉన్న చోట 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభనే ఒప్పందంలో ఒక పక్షంగా పెట్టండి.

అన్నిటికంటే ఎక్కువగా ఒప్పందాలు చెడేది భూమిలేని కాపరులను వదిలేయడం వల్లే. జీవాలకు మేత ఎక్కడన్నది తేల్చకుండా గుట్టను మూసేస్తే, పక్క ఊరి గుట్ట బోడి అవుతుంది, లేదా రాత్రిపూట మీ గుట్టకే మంద వస్తుంది. హర్యానాలోని సుఖోమాజ్రి అనే ఊరు దీన్ని సరిగ్గా పట్టుకుంది. 1970లలో ఆ ఊరి గుట్టల మట్టితో చండీగఢ్ సుఖ్నా సరస్సు పూడుతుంటే, మేపు ఆపినందుకు బదులుగా ఊరి మట్టికట్ట నీళ్లలో భూమిలేనివాళ్లతో సహా ప్రతి ఇంటికీ వాటా ఇచ్చారు. మీ దగ్గరైతే కోసిన గడ్డిలో మొదటి వాటా కాపరులకు రాయండి. ఆయకట్టు రైతులు కొత్త బోర్లు వేయకూడదన్న షరతు కూడా అదే కాగితంలో ఉండాలి, లేకుంటే ఇంకిన నీళ్లు ఇద్దరు ముగ్గురి మోటార్లకే పోతాయి.

ఒక్క ఊరితో పని నిలవదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే కింది ఊరి కష్టమంతా కొట్టుకుపోతుంది. అందుకే ఒకే వాగు మీది మూడు నాలుగు ఊళ్లు కలిసి సంఘం పెట్టుకోవాలి. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి 10 మంది ఉంటే నమోదవుతుంది. డబ్బు చేతులు మారే పనికి ఇదే నయం. అన్ని ఊళ్లకూ ఒకే రకం రిజిస్టరు పెట్టండి. తనిఖీ మొదటి ఊరిది రెండోది, రెండోదానిది మూడోది, మూడోదానిది మొదటిది చేయాలి. రెండూళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటే మొహమాటంతో సంతకాలు పడతాయి. కోస్టారికాలో 1996 అటవీ చట్టం తర్వాత ఇంధన పన్ను డబ్బును జాతీయ అటవీ నిధి సంస్థ భూయజమానులకు చేరుస్తోంది. ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మధ్య లెక్క చూసే ఆ పనే మీ సంఘానిది.

ఎత్తిపోతల కాలువ నీళ్లు చెరువుకు చేరిన ఊళ్లలో ఆయకట్టు రైతులు, ఇక మేమెందుకు ఇవ్వాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నీళ్ల లెక్క పక్కన పెట్టి పూడిక లెక్క చూపించండి. కృష్ణ నీళ్లు వచ్చినా గుట్ట మట్టి చెరువులోకే దిగుతుంది, 435 ట్రిప్పుల కిరాయి అలాగే ఉంటుంది. ఆ ఊళ్లలో ఎకరానికి వసూలు తగ్గించి, చెల్లింపును రాతికట్టల సంరక్షణకే పరిమితం చేయండి.