బరువు తగ్గిందా, తూకం తప్పిందా?

అంగన్‌వాడీలో తూకం రోజు తల్లిని భయపెట్టే మాట ఒకటే: "బరువు తగ్గిందమ్మా." ఆ మాట అనే ముందు రెండు నిమిషాలు కొలతనే అనుమానించండి.

పోయిన నెల 8.2 కిలోలు, ఈ నెల 7.9

ముందు త్రాసును చూడండి. వేలాడదీసే త్రాసుకు ఖాళీ సంచి తగిలించాకే ముల్లు సున్నాకు తేవాలి. ముందే సున్నా చేస్తే సంచి బరువు బిడ్డ లెక్కలో పడుతుంది. వచ్చే నెల సరిగ్గా తూస్తే పాపం బిడ్డ తగ్గినట్టు కనిపిస్తుంది. చలికాలం స్వెటర్, వెండి కడియాలు, తడిసిన డైపర్ కూడా ఇంతే. అన్నీ తీసి, ముల్లు ఊగడం ఆగాక, కంటికి నేరుగా చూసి రాయాలి. తూకం రెండుసార్లు వేయాలి, తేడా వస్తే మూడోసారి. అప్పుడప్పుడు కిరాణా కొట్టు నుంచి 5 కిలోల తూకం రాయి తెచ్చి తగిలించి చూస్తే త్రాసు సంగతి తేలిపోతుంది.

అప్పటికీ తగ్గితే అది నిజమే. జ్వరం, విరేచనాలు వచ్చాయా? ఆరు నెలలు నిండినా పాలతోనే సరిపెడుతున్నారా? నేను ఎక్కువగా చూసే కారణం పలుచని జావ. పొట్ట నిండుతుంది, బలం రాదు. స్పూను వంచినా జారనంత చిక్కగా మెదిపిన పప్పన్నం, కాస్త నెయ్యి, గుడ్డు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టాలి, తల్లిపాలు మానకూడదు. పది రోజుల్లో మళ్లీ తూచండి. పెరగకపోతే డాక్టరుకు చూపించాలి.

పుట్టిన మొదటి వారంలో కొంత తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పదో వంతుకు మించి తగ్గినా, రెండు వారాలకు తిరిగి రాకపోయినా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

ఎత్తు తగ్గింది

ఎముకలు కుదించుకుపోవు. రెండేళ్లు నిండేదాకా పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి కొలుస్తాం. నిలబెడితే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. రెండేళ్లలోపు బిడ్డను నిలబెట్టి కొలిచి ఉంటే 0.7 కలపండి. పడుకోబెట్టినప్పుడు ఒకరు తల, మరొకరు మోకాళ్లు పట్టుకోవాలి. ఒక్కరి వల్ల కాదు.

ఎదుగుదల చార్టులో మొదటి నుంచీ గీత కిందే ఉంది

నెలలు నిండకుండా పుట్టిందా అని అడగండి. రెండు నెలలు ముందు పుట్టిన ఎనిమిది నెలల బిడ్డను ఆరు నెలల దగ్గర గుర్తించాలి. రెండేళ్ల దాకా ఇదే లెక్క. "మన పిల్లలు చిన్నగానే ఉంటారులే" అని మాత్రం వదిలేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆ గీతలకు కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు.

నడక వచ్చాక బుగ్గలు తగ్గాయి

మొదటి నెలల్లో కొవ్వు త్వరగా చేరుతుంది, ఆడుతూ తిరిగే వయసులో దాని వాటా తగ్గుతుంది. ఎత్తుకు తగ్గ బరువు ఉండి, చురుగ్గా ఉంటే టెన్షన్ వద్దు. అనుమానం తీరకపోతే ఎడమ జబ్బ మధ్యలో చుట్టుకొలత తీసే రంగుల టేపు చుట్టండి, చర్మం నొక్కుకోకుండా. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషణ లోపం, 11.5కు తగ్గితే తీవ్ర లోపం.

బరువు బాగుంది, బిడ్డ నీరసంగా ఉంది

దీన్ని త్రాసు పట్టుకోలేదు. కొవ్వు, కండ, నీరు అన్నీ దానికి ఒకటే. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండు చోట్లా గుంట అలాగే ఉంటే అది నీరు. టేపు ఏ రంగు చూపినా, త్రాసు ఎంత చూపినా, ఆ రోజే ఆసుపత్రికి పంపించండి.