చేపల తొట్టిలో నైట్రేట్‌ను తగ్గించుకున్న తీరు

మా 100 లీటర్ల చేపల తొట్టిలో ప్రతి వారం మూడో వంతు నీరు మారుస్తున్నా నైట్రేట్ (ఎక్కువైతే చేపలకు హాని చేసే లవణం) 80 పీపీఎం (పది లక్షల భాగాల్లో 80 భాగాలు) దగ్గరే ఎందుకు నిలిచిపోతున్నదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మొదటే చేయవలసిన పనిని చివర చేశాను: నేను పోస్తున్న బోరు నీటినే పరీక్షించగా, అందులోనే 40 పీపీఎం ఉన్నట్లు తేలింది. చేపల విసర్జన నుంచి, కుళ్లిన మేత నుంచి వెలువడే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది గనుక, ఫిల్టర్ బాగా పనిచేసినంత మాత్రాన అది తగ్గదు. అప్పటినుంచి సగం బోరు నీటికి సగం ఆర్వో నీరు (లవణాలను వడకట్టి తీసేసిన నీరు) కలిపి పోస్తున్నాను. పూర్తిగా ఆర్వో నీరే అయితే చేపలకు కావలసిన ఖనిజాలు లోపిస్తాయి. మేతను ఒక పూటకు తగ్గించి, నైట్రేట్‌ను పీల్చుకునేందుకు మనీప్లాంట్ వేళ్లను మాత్రం నీటిలోకి దించాను. ఆరు వారాలకు నైట్రేట్ 30కి దిగింది.