అయ్యగారికి శాలువా కప్పే ముందు

మాది కృష్ణా జిల్లాలో చిన్న పల్లె క్రైస్తవ సంఘం. స్త్రీల సమాజం లెక్కలు నేను చూస్తాను. పాస్టర్స్ డే అయినా, కోత పండుగ అయినా మీటింగులో మొదట వచ్చే మాట "ఈసారి శాలువా ఏ రంగు తెద్దాం?" అనే. మా పాస్టరు అయ్యగారి బీరువాలో ఒక అర నిండా శాలువాలే. ఆ డబ్బుతో ఆయన ఇంటికి పనికొచ్చేది ఏదైనా చేద్దామని నేను ప్రతిసారీ అంటాను. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలకు రెట్టింపు సన్మానం చేయమని చెప్పి, ఆ వెంటనే నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయొద్దనీ, పనివాడు జీతానికి అర్హుడనీ గుర్తుచేశాడు.

ఏ మిషన్ కిందా లేని మాలాంటి స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల పాస్టరుకు నెల జీతమంటూ ఉండదు. ఆదివారం కానుకే ఆధారం. వరుసగా రెండు ఆదివారాలు వాన పడి జనం రాకపోతే ఆ ఇంట్లో సరుకులు తగ్గుతాయి. అందుకే ఇచ్చే సమయం చూసుకోండి. జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు ఉంటాయి, అప్పుడివ్వండి. ఏం అవసరమో అయ్యగారిని అడిగితే "దేవుడు చూసుకుంటాడమ్మా" అంటారు. ఆయన భార్యను, అంటే అమ్మగారిని పక్కకు పిలిచి అడగండి. కవరు ఇంటికెళ్లి చేతికివ్వండి. మైకులో పేర్లూ అంకెలూ చదవొద్దు. వంద రూపాయలు ఇచ్చినావిడ తల దించుకుంటుంది, తీసుకునే ఆయనా దించుకుంటారు.

వండేటప్పుడు అయ్యగారి ఇంటి కోసం గుప్పెడు బియ్యం తీసిపెట్టే అలవాటు మీ సంఘంలో ఉంటే మానకండి. కాకపోతే మీరు వండుకునే బియ్యమే తీయండి, పురుగు పట్టినవి కాదు. నెలకోసారి కందిపప్పు, నూనె కూడా కలపండి.

ఇక మాట. "వాక్యం బాగుందయ్యగారూ" అని అందరం అంటాం. ఏ మాట, ఏ రోజు, మీకెలా పనికొచ్చిందో చెప్పండి. మా సమాజంలో చదువురాని పెద్దామె ఒకరున్నారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "మావోడు ఐసీయూలో ఉన్నప్పుడు తెల్లార్లూ ఆ మెట్ల మీదే కూచున్నావు. నువ్వున్నావని నాకు కాస్త కన్నంటిందయ్యా" అంది. అయ్యగారు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిపోయారు, వందనాలు అని కూడా అనలేకపోయారు. ఆ తర్వాత సండే స్కూల్ పిల్లల చేత కూడా ఇలాగే రాయించాం, ఒక్కొక్కరు ఒక్కో సంగతి. ఆ కాగితాలు ఆయన బైబిల్ కవర్‌లోనే ఉంటాయి.

విశ్రాంతి కూడా ఇవ్వాలి. ఆదివారం రెండు ఆరాధనలు, వారం మధ్యలో కుటుంబ ప్రార్థనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన. సోమవారం జబ్బో, చావో అయితే తప్ప ఫోన్ చేయకండి. సుగర్ ఉన్నాయనకు ప్రతి ఇంట్లో తీపి టీ పోయడం కూడా ప్రేమ కాదు, మజ్జిగ ఇవ్వండి. దూరపు ప్రార్థనకు పిలిస్తే బండికి పెట్రోలు మీరే పోయించండి.

అమ్మగారిని మరిచిపోతాం. సండే స్కూలు ఆమెదే, ఆరాధన అయ్యాక వచ్చినవాళ్లకు వంటా ఆమెదే. మేము వంతులేసుకుని నెలలో ఒక ఆదివారం క్యారేజీ కట్టి పంపుతున్నాం. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించదు. ఏదైనా ఇవ్వాలనుకుంటే ఆమెకు వేరే కవరు పెట్టి, ఆమె చేతికే ఇవ్వండి.

చివరిగా, రిటైరైన పాస్టర్ల గురించి. పాస్టరు మందిరం వాళ్లిచ్చిన ఇంట్లో ఉంటున్నవారైతే, పని ఆగిన రోజు ఆ ఇల్లూ ఖాళీ చేయాలి. భర్త పోయిన అమ్మగారి పరిస్థితి ఇంకా కష్టం. మీకు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు, మీ పెళ్లి చేసిన అయ్యగారు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. ఈ వారమే ఫోన్ చేయండి. బీపీ మందులకు నెలనెలా ఎంతవుతుందో అడిగి, నలుగురు కలిసి ఆ ఖర్చు పంచుకోండి.