పరీక్షల కాలంలో కడుపునొప్పి: పేరు మీరే పెట్టేయకండి

మా మెడికల్ షాపు విజయవాడ పటమటలో, చుట్టూ హాస్టళ్ళే. పోయిన వారం ఇంటర్ సెకండియర్ అబ్బాయి ఒకడు మూడు రోజులు వరసగా వచ్చాడు. "అంకుల్, గ్యాస్ బిళ్ళ ఇవ్వండి" అన్నాడు. మొదటి రోజు షాపులో కుర్రాడు ఇచ్చాడు. రెండో రోజు నేనే ఇచ్చాను, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా. మూడో రోజు వంగిపోయి నడుస్తూ వచ్చాడు. ఏమైంది బాబూ అంటే, "వార్డెన్ సార్ పరీక్షల టెన్షన్ అన్నారు, అమ్మ ఫోన్లో గ్యాస్ అంది" అన్నాడు. నొప్పి ఎక్కడ అంటే పొట్టకి కుడివైపు, కింద చెయ్యి పెట్టాడు. వెంటనే ఆటో ఎక్కించాం. అప్పటికే అపెండిక్స్ పగిలిపోయిందట. పిల్లాడు బతికాడు. పరీక్షలు మాత్రం ఈ ఏడాదికి లేనట్టే.

నీళ్ళు కాచి తాగండి, బండి మీద బజ్జీలు తినకండి, ఇవన్నీ మీకు తెలిసినవే. ఇరవై రెండేళ్ళుగా ఈ కౌంటర్ వెనక నిలబడి నేను చూసిన తప్పు ఒకటుంది. దాని గురించే చెప్తాను.

పేరు పెట్టడం. నొప్పి మొదలైన గంటలోపు ఇంట్లో ఎవరో ఒకరు దానికి పేరు పెట్టేస్తారు. పెద్దవాళ్ళకైతే గ్యాస్, చదువుకునే పిల్లలకైతే టెన్షన్, ఆడపిల్లలకైతే "నెలసరి అయ్యుంటుందిలే". గుంటూరులో మా అత్తగారింట్లో ఏ నొప్పికైనా కారమే కారణం. పేరు దొరికిందంటే ఇక అడిగేవాళ్ళుండరు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడుంది, కదిలిందా, జ్వరముందా, ఇవన్నీ ఆ పేరు కింద పడి నలిగిపోతాయి.

మనమే కాదు, డాక్టర్లూ ఈ తప్పు చేశారు. దశాబ్దాల పాటు కడుపులో అల్సర్ అంటే టెన్షన్ వల్ల, కారం వల్ల అని రాసి పెట్టుకున్నారు. 1980లలో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా సంగతి బయటపెడితే ఎవరూ నమ్మలేదు. మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా వల్ల వచ్చిన అల్సర్‌ని ఇప్పుడు రెండు వారాల మందుల కోర్సుతో నయం చేస్తున్నారు. అంతకుముందు ఎంతమందికి "టెన్షన్ తగ్గించుకో" అని చెప్పి పంపించేశారో!

టెన్షన్ వల్ల వచ్చే నొప్పి

అలాగని టెన్షన్‌కి కడుపు నొప్పి రాదనడం లేదు. బాగా వస్తుంది. మన జీర్ణకోశం గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడుకీ వాటికీ మధ్య వేగస్ నాడి రోజంతా కబుర్లు మోస్తూనే ఉంటుంది. భయం పుడితే పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం పరుగందుకుంటుంది. అందుకే హాల్ టికెట్ చేతిలో పట్టుకోగానే పైన ఉబ్బరం, వికారం, కింద అర్జెంటుగా మోషన్. గుబులుగా ఉన్నప్పుడు తెలియకుండానే గాలి మింగుతాం, దాంతో తేన్పులు. పిల్లలు నాటకం ఆడుతున్నారనుకోకండి. నొప్పి నిజంగానే ఉంటుంది.

ఈ రకం నొప్పి సాధారణంగా పరీక్ష రోజు పొద్దున్నే వస్తుంది, సెలవుల్లో తగ్గుతుంది, మోషన్ అయ్యాక చాలామందికి తేలికపడుతుంది. నిద్రలోంచి లేపేంత రావడం అరుదు. ఇలా ఉంటే టెన్షన్ అని అనుమానించవచ్చు. అనుమానించడం వరకే. పేరు పెట్టాల్సింది డాక్టరు. సూర్యారావుపేటలో సందుకి నలుగురున్నారు, గుంటూరు కొత్తపేటలో ఏ గోడ చూసినా డాక్టరు బోర్డే. పరీక్షలకి నెల ముందే ఒక్కసారి చూపించండి. ఏమీ లేదంటే సంతోషం. ఆ తర్వాత వారానికో స్కాన్ తీయించుకుంటూ తిరగకండి, దానివల్ల భయం ఇంకా పెరుగుతుంది.

ఆలోగా చేయదగ్గవి కొన్ని. రెండు వారాలు చిన్న నోట్‌బుక్కులో రాయండి: నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఏం తిన్నారు, ఆ పూట దేనికి భయపడ్డారు. డాక్టరుకి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు. పరీక్ష రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకండి, రెండు ఇడ్లీ చాలు. రాత్రి చదువుకి అరగంటకో టీ మానండి, కెఫీన్ గుండె దడనీ పేగుల పరుగునీ రెండింటినీ పెంచుతుంది. నాలుగు లెక్కపెట్టేంతసేపు పొట్ట ఉబ్బేలా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి, అయిదు నిమిషాలు. ఇది పరీక్ష రోజు కొత్తగా పనిచేయదు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి. సెంటర్‌కి ఒక రోజు ముందే వెళ్ళి బాత్రూమ్ ఎక్కడుందో చూసి రండి. నవ్వకండి, సగం మంది పిల్లల భయం అదే. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే 14416, టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జరిగిన నొప్పి. నడిస్తే, దగ్గితే, ఆటో కుదుపుకి ఎక్కువయ్యే నొప్పి. జ్వరం, ఆగని వాంతులు, మోషన్‌లో రక్తం, తారులాంటి నల్లటి మోషన్. రాళ్ళలా గట్టిపడిన పొట్ట. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, అది ఈ రోజే క్యాజువాలిటీకి వెళ్ళాల్సింది కాకపోయినా, ఈ వారంలో డాక్టరుకి చూపించాల్సిందే.

పిల్లల్ని దిగబెట్టడానికొచ్చే నాన్నలకి ఒక మాట. నలభై దాటాక పొట్ట పైభాగంలో బిగపట్టి, చెమట పట్టి, దవడకో ఎడమ చేతికో నొప్పి లాగితే అది గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. ఈసీజీ పది నిమిషాల పని. ఇంట్లో పెట్టిన "గ్యాస్" అనే పేరు వల్ల పోయిన మనుషుల్ని నేను మా వీధిలోనే చూశాను. మళ్ళీ చెప్తున్నా, పేరు మీరు పెట్టకండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తా.

మీరు గ్యాస్ బిళ్ళ అని అడిగే పాంటోప్రజోల్ గ్యాస్ తగ్గించదు, యాసిడ్ తగ్గిస్తుంది. అపెండిక్స్‌కి అది ఏమీ చేయదు.

దాన్ని టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక కాదు. నెలల తరబడి మీ అంతట మీరు వాడకండి.

ఒంటి నొప్పికి, తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఖాళీ కడుపుతో వేయకండి. పొట్టలో పుండు పడొచ్చు.

కడుపునొప్పికి ఆముదం తాగించకండి. ఎనిమా ఇవ్వకండి.

నెలసరి నొప్పి సాధారణంగా ప్రతి నెలా ఒకేలా ఉంటుంది. కొత్తగా, ఒక పక్కనే, భరించలేనంతగా వస్తే అది నెలసరి అని పేరు పెట్టకండి.

"టెన్షన్ బిళ్ళ ఒకటి" అని అల్ప్రాజోలం అడగకండి. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా నేనివ్వను. ఇచ్చే షాపుకి వెళ్ళకండి. అలవాటు పడితే వదలడం కష్టం.

గదిలో నలుగురికీ ఒకేసారి మోషన్స్ పట్టుకుంటే అది నలుగురి టెన్షన్ కాదు, నీళ్ళో తిండో. 2018లో గుంటూరులో కలుషిత నీళ్ళు తాగి డయేరియాతో మనుషులు చనిపోయారు. వార్డెన్‌కి చెప్పండి, ఇంటికీ చెప్పండి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు కలిపి తాగితే లాభం లేదు.

వార్డెన్లూ, పిల్లాడు నొప్పి అని రెండోసారి వస్తే "చదవడానికి బద్ధకం" అనకండి. ఆ మాట మీరు మర్చిపోతారు, వాడు మూడోసారి రాడు.

అమ్మలూ, ఫోన్లో పేరు పెట్టకండి. "ఎక్కడుంది, నిన్నటికన్నా ఎక్కువా, జ్వరముందా" అని మూడు ప్రశ్నలు అడగండి, తర్వాత వార్డెన్‌తో మాట్లాడండి.

గట్టిగా నొప్పి ఉన్నవాడు ఒక్కసారిగా తేలికైందంటే సంబరపడకండి. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు అలాగే అనిపిస్తుంది. ఆ అబ్బాయి మూడో రోజు పొద్దున్న "తగ్గింది" అని క్లాసుకి కూడా వెళ్ళాడట.

108 కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వేసుకున్న మందుల ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్ళండి. ఆ అబ్బాయి జేబులో రెండు దొరికాయి, రెండూ మా షాపువే.